పెదవుల మీది మాట

శాంతి నగర్, భివండి
12 ఫిబ్రవరి 2024

తమ్ముడు జ్ఞానయ్యకు,

నువ్వూ మరదలు రూత్ ప్రభువు చల్లని నీడలో ఉన్నారనుకుంటూ మీ అక్క శారమ్మ రాస్తున్నది.

నిన్న ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "ఆఁ? ఆఁ?" అంటూనే ఉన్నాను. ఒక్క ముక్క వినపడలేదు. నువ్వు కోపంతో పెట్టేశావో, మాట అయిపోయి పెట్టేశావో కూడా తెలియదు. కుడి చెవి నాలుగేళ్ల కిందటే పోయింది. ఎడమది ఈ చలికాలంలో పోయింది. ఇక్కడున్న నీ కొడుకు జోసెఫ్ ఫోన్‌కి నువ్వు మెసేజ్ పెడితే వాడు తెచ్చి చూపించాలి, వాడి ముందు మన మాటలేం మాట్లాడుకుంటాం? అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు తెచ్చుకున్నాను. నువ్వు బడి నుంచి వచ్చి నాకు పలక మీద దిద్దించిన అక్షరాలే ఇవి. తప్పులుంటే నీ మీదే.

అసలు సంగతి రాస్తాను. నన్ను పనిలోంచి తీసేశారు. తీసేసింది మన జోసెఫే. వాడు సూపర్‌వైజర్ అయ్యాడని నేను ఎంత సంబరపడ్డానో నీకు తెలుసు. శనివారం కార్ఖానాలో మరమగ్గాల నడుమ నేను నూలు కండెలు చుడుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"అత్తా, సోమారం సంది నువ్వు రావద్దు. ఎన్కనుంచి ఎవలన్న పిలిస్తే నీకు ఇనవడది. సాంచాల నడుమ ఏదన్న అయితే ఎవలు జవాబ్దార్?"

నా ముఖం చూడకుండా అన్నాడు. అన్నాక అక్కడ ఒక్క క్షణం నిలబడలేదు.

ముప్పై మూడేళ్లు కండెలు చుట్టాను జ్ఞానయ్యా. మా ఆయన పోయిన వారానికే మళ్లీ పనికి పోయాను. ఇవాళ పొద్దున లేచి జడ వేసుకుని, ఎక్కడికి పోవాలో తెలియక మళ్లీ మంచం మీద కూర్చున్నాను. వాడి మీద కోపం లేదు, వాడన్నది నిజమే. నేను ఇంక దేనికీ పనికిరాను. ఈ మాట నువ్వు కాదనాలని రాయడం లేదు.

నీ అక్క
శారమ్మ

*

కోరుట్ల
21 ఫిబ్రవరి 2024

ప్రియమైన అక్కకు,

నీ చేతిరాత చూసి రూత్ ఏడ్చింది. నేను కోపంతో ఫోన్ పెట్టేయలేదు. నా మాట నీకు వినపడటం లేదని తెలిశాక ఏం చేయాలో తోచక పెట్టేశాను.

పని పోయినందుకు బాధపడకు. ఇక్కడికి వచ్చెయ్యి. ముందు గది ఖాళీగానే ఉంది. నీకు ఏ పనీ చెప్పం. మూడు పూటలా తిని హాయిగా కూర్చో. ఇన్నాళ్లూ చేసింది చాలు.

దేనికీ పనికిరానని మాత్రం రాయకు. బడిలో పిల్లలు ఇలా అన్నప్పుడు నేను ఒక కాగితం ఇచ్చేవాణ్ణి. 'నీకు ఏమేం వచ్చో అన్నీ రాసి తీసుకురా' అనేవాణ్ణి. మొదటి రోజు మూడు రాసేవారు, వారం పోయాక రెండో పేజీ అడిగేవారు. నువ్వూ రాయి. రిటైరయినా పంతులు పంతులే అనుకో.

జోసెఫ్‌కు మెట్‌పల్లి సంబంధం ఒకటి చూస్తున్నాం. వాడిని కాస్త కనిపెట్టి ఉండు.

నీ తమ్ముడు
జ్ఞానయ్య

*

భివండి
3 మార్చి 2024

తమ్మునికి,

నువ్వు చెప్పినట్టే కాగితం తీసుకుని కూర్చున్నాను. కండెలు చుట్టడం. జొన్నరొట్టె పగలకుండా చేయడం. బైబిల్ చదవడం. అంతే, నాలుగోది దొరకలేదు. మొదటిది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. రెండోది ఈ వాడలో ప్రతి ఇంట్లో ఉంది. కాగితం పొయ్యిలో పెట్టాను.

ఏ పనీ చెప్పం, తిని కూర్చో అని రాశావు. నువ్వు ప్రేమతోనే రాసి ఉంటావు. కానీ ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. పనికిరాదని నువ్వు కూడా తేల్చేసినట్టే అనిపించింది. నేను రాను. ఈ ఒంటిగది ఖోలీలో కూర్చుంటే కనీసం నా బతుకు నాది.

ఊరికే ఏడుపు రాస్తున్నానని అనుకుంటావు, ఒక నవ్వులాట రాస్తాను. నాకు పెదవులు చూస్తే మాట తెలుస్తుంది కదా, అది కార్ఖానాలో అందరికీ ఎంతో కొంత వచ్చు. ఆ రొదలో నోరు చించుకున్నా వినపడదు, పెదవులు ఆడించి మాట్లాడుకుంటాం. కానీ ప, బ, మ పెదవుల మీద ఒక్కతీరుగానే ఉంటాయి. మొన్న పక్కింటి శాంతాబాయి వాకిట్లో నిలబడి ఏడుస్తూ "బాబా గేలే" అన్నది, మా నాన్న పోయాడని. నాకు అది "మామా గేలే" అని కనిపించింది. వాళ్ల మేనమామ పోయాడనుకుని పూలు పట్టుకుని పోయాను. చూస్తే ఆ మేనమామే గుమ్మంలో నిలబడి నాకు దండం పెట్టాడు. పూలు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. అప్పటినుంచి అనుమానం వస్తే ఊరుకోను. "అదే ఇంకోతీరుగ చెప్పు" అని అడిగి ఖాయం చేసుకుంటాను.

జోసెఫ్ అంజూర్ ఫాటాకు గది మార్చాక ఇటు రావడం తగ్గించాడు. నా ముఖం చూడలేకపోతున్నాడేమో. వస్తే రొట్టె పెడతాను.

శారమ్మ

*

భివండి
20 ఏప్రిల్ 2024

జ్ఞానయ్యా,

మంగళవారం మధ్యాహ్నం మన కార్ఖానా కాలిపోయింది.

ముందు తలుపు పక్కన కరెంటు బోర్డు ఉంటుంది. అక్కడే మొదలైందట. ముందువైపు ఉన్నవాళ్లు బయటపడ్డారు. వెనక ఇద్దరు ఉండిపోయారు. నర్సింగ్ అక్కడే పోయాడు. మంటలు ఆర్పేవాళ్లు గోడ పగలగొట్టి ఆగయ్యను బయటికి లాగారు. వెనక తలుపు ఉంది కదా అంటావేమో. దానికి బయటినుంచి తాళం ఉంది.

ఆగయ్య మన జగిత్యాల వైపువాడే. ఇరవై ఏళ్లుగా నన్ను అక్కా అని పిలుస్తాడు. అతని భార్య బుచ్చమ్మ నన్ను తోడు రమ్మంటే దవాఖానకు పోయాను. ఒళ్లంతా కట్లు. చెవుల మీద కూడా కట్లే. చేతులు లేవవు, మెడ కదలదు. పొగ లోపలికి పోయిందని గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. గొంతు లేదు గాని పెదవులు ఆడుతూనే ఉన్నాయి. బుచ్చమ్మ "నీళ్లు అడుగుతుండు" అంటుంది. నర్సులు ఉక్కపోస్తున్నదేమోనని ఫ్యాను ఇంకా పెంచారు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

నేను ముందుకు వంగి చూశాను. "ఫ్యాన్ బంద్ చెయ్యుమను. గాలి తాకితే పాణం పోతున్నది" అంటున్నాడు. రెండు రోజులుగా అదే మాట అంటున్నాడు తమ్ముడూ.

ఫ్యాను ఆపించాను. ప్రాజక్త అని ఒక నర్సు, చిన్న పిల్ల, నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. మాస్కు ఉంది కాబట్టి తెలియలేదు. తీయమని సైగ చేశాను.

"మౌషీ, ఏ కహాఁ సీఖా?"

ఎక్కడ నేర్చుకున్నావని. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. ఇది నేర్చుకున్నదా? నడక ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడుగుతారా? అప్పటినుంచి రోజూ నన్ను లోపలికి పంపిస్తున్నది. ఆగయ్య చెప్పింది బుచ్చమ్మకూ డాక్టర్లకూ చెబుతున్నాను. నిన్న తాళం సంగతి అడిగాను. ఏదో చెప్పబోయి నా ముఖం చూసి పెదవులు మూసుకున్నాడు. నొప్పి వల్ల అనుకున్నాను.

జోసెఫ్ ఆ వేళకు బయట ఛాయ్‌కి పోయి ఉన్నాడట, దెబ్బ తగల్లేదు. భయపడకండి. కానీ మంగళవారం నుంచి కనిపించలేదు. గదికి తాళం ఉంది. మీకేమైనా ఫోన్ చేశాడా?

అక్క

*

కోరుట్ల
27 ఏప్రిల్ 2024

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందింది. జోసెఫ్ క్షేమంగా ఉన్నందుకు రూత్ మోకాళ్ల మీద పడి దేవునికి స్తోత్రం చెప్పింది. వాడి గురించి నువ్వు ఏమీ బెంగపెట్టుకోవద్దు.

అక్కా, నాలుగోది దొరకలేదని రాశావే, అది నీ ముఖంలోనే ఉంది. డాక్టర్లకు తెలియనిది నీకు తెలిసింది. ఇంతకంటే నేను ఏం చెప్పను? మన సంఘంలో నిన్నటి ప్రార్థన కూటంలో లేచి నిలబడి నీ సంగతి సాక్ష్యంగా చెప్పాను. అందరూ నీ కోసం ప్రార్థన చేశారు.

ఒక్క మాట. ఆగయ్య బతుకుతాడో లేదో. అధికారులు వస్తే ఆయన చెప్పింది ఒక్క ముక్క పోకుండా చెప్పు. ఎవరికీ భయపడకు. ఆ తాళం వేయించిన దుర్మార్గుడు తప్పించుకోకూడదు.

నీ తమ్ముడు
జ్ఞానయ్య

*

భివండి
3 మే 2024

జ్ఞానయ్యా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అది రాకముందే అంతా అయిపోయింది. ఎలా రాయాలో తెలియక ఇవాళ పొద్దున్నుంచి నాలుగు కాగితాలు చింపాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

గురువారం, ఇరవై ఐదున, వాంగ్మూలం రాసుకోవడానికి తహసీల్ నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆగయ్య ఎక్కువ రోజులు ఉండడని డాక్టర్లు ముందే చెప్పారు. నన్ను చూసి ఆ అధికారి ముఖం చిట్లించాడు. పక్కనున్న డాక్టర్‌తో అన్నది నాకు కనిపించింది: "చెవిటి ముసలిది చెప్పిందని నేను రాసుకోవాలా?"

ప్రాజక్తకు కోపం వచ్చింది. "పరీక్ష చేయండి సాహెబ్" అన్నది. ఆయన గాజు తలుపు అవతలికి పోయి, మాస్కు దించి, గొంతు పెగల్చకుండా మరాఠీలో ఏదో అన్నాడు.

"సాహెబ్ పొద్దున్నుంచి ఏం తినలేదట. మాత్ర వేసుకోవాల్నట" అన్నాను.

ఆయన లోపలికి వచ్చి నా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత మాస్కు పెట్టుకోలేదు.

ప్రశ్న ఆయన పెదవుల మీద చూసి నేను ఆగయ్య ముందు తెలుగులో పలికాను. ఆగయ్యకు కట్ల వల్ల సరిగ్గా వినపడదు, అతనూ నా పెదవులే చూశాడు. జవాబు చూసి నేను హిందీలో చెప్పాను. మంట ఎక్కడ మొదలైంది. బోర్డులో. వెనక తలుపు ఎందుకు తెరవలేదు. బయటినుంచి తాళం. ఎందుకు తాళం. నూలు దొంగతనంగా బయటికి పోతున్నదని కార్ఖానా సేఠ్ వేయమన్నాడు. వేసింది ఎవరు.

ఆగయ్య కళ్లు మూసుకున్నాడు. తెరిచి నన్ను చూశాడు.

"అక్కా, నేను చెప్తే నువ్వు చెప్తవా?"

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. తల ఊపాను.

"జోసెఫ్."

నేను చూసింది తప్పనుకున్నాను. తప్పు కావాలనుకున్నాను. "ఆగయ్యా, ఇంకోతీరుగ చెప్పు" అన్నాను.

"నీ అల్లుడే అక్కా. నీ తమ్ముని కొడుకు. పొద్దుగాల పాళీ పని మొదలుగాంగనే ఏసిండు, తాళంచెవి జేబుల పెట్టుకున్నడు."

అధికారి కలం పట్టుకుని చూస్తున్నాడు. ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ ఆ మాట తెలియదు. నర్సింగ్ పేరు చెప్పొచ్చు. పోయినవాడికి జైలేమిటి? ఆ పేరు నా నోటిదాకా వచ్చింది తమ్ముడూ, నీ దగ్గర దాచను. కానీ ఆగయ్య నా పెదవులే చూస్తున్నాడు. ఇరవై ఏళ్లు సాంచాల నడుమ బతికినవాడు. నేను ఏ పేరు పలుకుతానో కనిపెట్టి చూస్తున్నాడు.

"జోసెఫ్" అన్నాను.

ఆగయ్య ఇరవై ఆరున, శుక్రవారం తెల్లవారాక పోయాడు. శనివారం ఆ అధికారి నన్ను ఆఫీసుకు పిలిపించి, రాసుకున్నదంతా మెల్లగా చదివి, ఇదేనా అని అడిగాడు. అవునని వేలిముద్ర వేయబోతుంటే సంతకం వచ్చా అన్నాడు. తెలుగులో సంతకం చేశాను.

రూత్‌కు ఎలా చెబుతావో నువ్వే చూడు. జోసెఫ్ ఎక్కడున్నా ముందు నాతో మాట్లాడమను.

అక్క

*

కోరుట్ల
10 మే 2024

శారమ్మకు,

నీ ఉత్తరం అందింది.

తాళం వేయించిన దుర్మార్గుడని నేను ఎవరి గురించో తెలియక రాశాను. నువ్వు మాత్రం తెలిసే నా కొడుకు మెడకు ఉరి వేశావు.

ప, బ, మ ఒక్కతీరుగా ఉంటాయని నువ్వే రాశావు. బతికున్నవాడికి పూలు పట్టుకుపోయానని నువ్వే రాశావు. కట్లు కట్టిన మనిషి, గొంతు లేని మనిషి, ప్రాణం పోయే మనిషి, అతని పెదవులు వణికితే నీకు పేరు కనిపించిందా? ఆ అధికారి దగ్గరికి పోయి, వయసు మీద పడినదాన్ని, సరిగ్గా చూడలేకపోయానని చెప్పు. ఒక్క మాట చాలు. నిన్ను ఎవరూ ఏమీ అనరు.

వాడు నిన్ను పనిలోంచి తీసేశాడు. కోపం లేదని రాశావు. ఇప్పుడు తెలిసింది ఎంత ఉందో.

రూత్ అన్నం ముట్టడం లేదు.

జ్ఞానయ్య

*

భివండి
19 మే 2024

జ్ఞానయ్యా,

నువ్వు అక్కా అని రాయలేదు. నేను తమ్ముడనే అనుకుంటూ రాస్తున్నాను.

నువ్వు అడిగింది ఊరికే తోసెయ్యలేదు. నాలుగు రోజులు నన్ను నేను అడిగాను. నేను తప్పుగా చూశానా? లేదు. పేరొక్కటే అని ఉంటే నాకూ అనుమానం ఉండేది. నీ అల్లుడు అన్నాడు, నీ తమ్ముని కొడుకు అన్నాడు. ఆ మాటలు ఇంకెవరికీ సరిపోవు.

కోపంతో చెప్పానా? ఇది ఎక్కువసార్లు అడిగాను. పని పోయిన రోజు కోపం వచ్చింది, లేదని రాసింది అబద్ధం. కానీ ఆ గదిలో నా మనసులో ఉన్నది కోపం కాదు. వాణ్ణి ఎలా తప్పించాలన్నదే ఉంది. నర్సింగ్ పేరు నోటిదాకా వచ్చిందని అందుకే నీకు రాశాను. ఆ ముక్క నువ్వు చదివినట్టు లేదు.

మరి ఆగయ్య చూడకపోతే నిజం చెప్పేదాన్నా? దీనికి భయపడ్డాను. అతని కళ్లకు భయపడి చెప్పానేమో, నాలో ఏమీ లేదేమో అనిపించింది. అప్పుడు శనివారం గుర్తుకొచ్చింది. ఆగయ్య లేడు. నన్ను ఎవరూ చూడటం లేదు. కాదంటే కాదని కొట్టేసేవారే. నేను సంతకం చేశాను. ఆ సంతకం చేసిన మనిషిని నేను ఇన్నేళ్లు ఎరగను జ్ఞానయ్యా. ఎక్కడినుంచి వచ్చిందో అని వెనక్కి చూసుకున్నాను. సాంచాల దగ్గర నూలు తెగితే తెగిందని వెంటనే చెప్పేదాన్ని, ఎవరు తిట్టినా సరే. మా ఆయనకు లివర్ పోయిందని డాక్టర్ చెప్పలేక నీళ్లు నమిలితే, నేనే మంచం పక్కన కూర్చుని ఆయనకు చెప్పాను. చెప్పాల్సింది మోసుకుపోయి చెప్పడం నాకు వచ్చు. దాన్ని ఒక విద్య అని ఎవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. నోటి దురుసు అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

కళ్లతో వినడం కూడా అంతే. చెవులు పోయాయని ఏడ్చాను గాని, పోతూ పోతూ ఏమిచ్చాయో చూడలేదు. అయితే ఇది సుఖమైనది కాదు. మొన్న ఆదివారం గుడిలో పాట పాడుతుండగా, అవతలి వరుసలో కనకయ్య భార్య పక్కామెతో అంటున్నది: "సొంత అల్లున్ని జైలుకు తోలుతున్నది సూడు. కడుపుల పుట్టలేగద." నాకు వినపడదని ధైర్యంగా అన్నది. కడుపున పుట్టని మాట నిజమే. పందొమ్మిదేళ్లప్పుడు వచ్చి ఆరేళ్లు నా చేతి అన్నం తిన్నాడు. టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు నా ఒడిలో పడుకున్నాడు. ఆరాధన అయ్యేదాకా కూర్చున్నాను. మధ్యలో లేచి రాలేదు.

బుచ్చమ్మ నిన్న వచ్చింది. వాకిట్లోనే నిలబడి "వదినా, ఆయన మాట నువ్వొక్కదానివే ఇన్నవు" అని పోయింది. కూర్చోలేదు. నేనూ కూర్చోమనలేకపోయాను, నీ కొడుకు నా మనిషే కదా.

నేను మాట మార్చను. వాడి మీద ప్రేమ కూడా మార్చను. రెండూ ఎలా కుదురుతాయని అడగకు, నాకు తెలియదు.

శారమ్మ

*

కోరుట్ల
30 జూన్ 2024

అక్కకు,

యాభై రోజులు నీకు రాయలేదు. రాయలేని కారణం ముందు చెబుతాను. జోసెఫ్ మా ఇంట్లోనే ఉన్నాడు. ఏప్రిల్ పద్దెనిమిదిన వచ్చాడు. బెంగపెట్టుకోవద్దని నీకు రాసినప్పుడు వాడు వెనక గదిలో ముసుగుపెట్టి పడుకుని ఉన్నాడు. భయపడి వచ్చానన్నాడు గాని తాళం సంగతి చెప్పలేదు, నేను అడగలేదు. వాడి పేరు రాసిన నీ ఉత్తరం వచ్చాక కూడా అడగలేదు. ముప్పై ఐదేళ్లు పిల్లల్ని నిజం చెప్పమని బెత్తం పట్టుకున్నవాణ్ణి, నా కొడుకును ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. నీ మీద విరుచుకుపడటం సులువుగా ఉండింది.

రెండోది. నిన్ను పనిలోంచి తీసేయమన్నది నేను. జనవరిలో వాడు ఫోన్ చేసి, అత్త వెనక బెల్టు తెగి ఎగిరిపడిందని, అందరూ అరిచినా వినపడక అక్కడే నిలబడిందని చెప్పాడు. నేను భయపడ్డాను. నా పేరు చెప్పకుండా ఆపెయ్యి అన్నాను. వాడు నీ ముఖం చూడలేకపోయింది అందుకే. వాడు నిన్ను కాదనలేదక్కా. నీ పని ఆ వెనక తలుపు దగ్గరే కదా. నువ్వు ఆ మంగళవారం అక్కడ లేకుండా పోయింది వాడి నోటి వల్ల. 

నీ చివరి ఉత్తరం దాదాపు నెల పెట్టెలో దాచాను. ఒకరోజు రూత్ తీసి వాడి చేతిలో పెట్టింది.  వాడు చదివాడు. మూడో రోజు స్నానం చేసి చొక్కా వేసుకుని, "నాన్నా, టేషన్ దాక రా" అన్నాడు. పోలీసు స్టేషనో రైలు స్టేషనో నాకు అర్థం కాలేదు. రైలెక్కించాను. ఇరవై నాలుగున అక్కడ లొంగిపోయాడని వకీలు చెప్పాడు. నీకు తెలిసే ఉంటుంది.

నేను అన్న మాటలకు క్షమించమని అడిగే ముఖం లేదు. ఒక పని అడుగుతాను. వాణ్ణి ఒకసారి చూసి రా. నేను ఇప్పుడే రాలేను, రూత్ మంచం మీద ఉంది.

జ్ఞానయ్య

*

భివండి
18 జూలై 2024

తమ్ముడూ,

నిన్న పోయాను. జోసెఫ్‌ను చూశాను. చిక్కిపోయాడు, కానీ జబ్బేమీ లేదు. రూత్‌కు ఆ మాట ముందు చెప్పు.

నన్ను పని మాన్పించింది నువ్వని చదివి, రెండు రోజులు నీ మీద కోపం ఉంది. నాకు చెప్పి మాన్పించాల్సింది. చెవిటిదానికి చెప్పి లాభమేమిటనుకున్నావు. అది పోయింది, ఇంక రాయను.

జైల్లో కలుసుకునే గది పొడుగ్గా ఉంటుంది. నడుమ మందం గాజు, దానికి అటూ ఇటూ జాలీ. ఫోన్లు ఉన్నాయి గాని పనిచేయవు. ఇటు ఇరవై మంది, అటు ఇరవై మంది, అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. మెడల మీద నరాలు కనిపిస్తున్నాయి. నా పక్కన ఒక తల్లి గాజుకు చెవి ఆనించి, ఏమీ వినపడక నెత్తి కొట్టుకుంటున్నది. ఆ గదిలో నాకు ఒక్కదానికే ఏ ఇబ్బందీ లేదు. వాడు నోరు తెరిచి అరవబోయాడు. "అరవకు బిడ్డా, ఊకెనే పెదవులు ఆడించు" అని సైగ చేశాను. వాడికి గుర్తుకొచ్చింది. పనిలో కొత్తగా చేరినప్పుడు సాంచాల నడుమ వాడికి అలా మాట్లాడటం నేర్పింది నేనే.

వాడు చెప్పింది రాస్తున్నాను. కూర్చుని చదువు.

"అత్తా, తాళం నేనే ఏసిన. సేఠ్ ఏయుమన్నడు, నేను ఏసిన. అది కాదు నేను చెప్పేది. పొగ సూసి నేను ఉరికొచ్చిన. ఎన్క తలుపు కాడికే అచ్చిన. లోపట్నుంచి కొడుతుండ్రు. నర్సింగన్న నా పేరు పెట్టి పిలుస్తుండు. తాళంచెవి తీసిన, చెయ్యి వణికి మురికి మోరీల పడ్డది. వంగి ఎతికితే దొరుకుతుండె. ఎతకలే అత్తా. ఉరికిన."

నేను అరచెయ్యి గాజు మీద పెట్టాను. వాడు పెట్టలేదు.

"ఈ మాట వకీలుకు చెప్పలే. నాన్నకు చెప్పలే. నోరు తెరిస్తే గొంతు అస్తలేదు. నీకు గొంతు అక్కెర లేదని చెప్తున్న. కోర్టుల నేనే చెప్త. నాన్నకు మాత్రం నువ్వు చెప్పు."

ఇది అబద్ధమని నేను అనలేదు, పరవాలేదనీ అనలేదు. పరవాలేదనడానికి అది చిన్నది కాదు. ఇద్దరు మనుషులు పోయారు. "చెప్త" అన్నాను. బెల్ కొట్టినట్టున్నారు, అందరూ లేచారు. వాడు పోతూ తిరిగి చూసి ఇంకేదో అన్నాడు గాని, నడుమ పోలీసు అడ్డం వచ్చాడు. అది నాకు తెలియలేదు. తెలిసిందంతా రాశాను.

ప్రాజక్త పోయిన నెల ఖోలీ వెతుక్కుంటూ వచ్చింది. గొంతుకు గొట్టాలు పెట్టిన రోగులు ఇంకా ఉన్నారట, వారానికి మూడు రోజులు రమ్మంటున్నది. ఒకప్పుడైతే నాకేం వచ్చని అనేదాన్ని. ఈసారి అనలేదు. మాస్కులు తీయించాలి, వెలుతురు ముఖం మీద పడేలా మంచం తిప్పాలి, తొందరపెట్టకూడదు, ఈ మూడూ ఒప్పుకుంటే వస్తానన్నాను. ఈ నెల మొదటి సోమవారం నుంచి పోతున్నాను. కొందరు బతుకుతున్నారు. ఎక్కువమంది బతకడం లేదు.

అక్క

*

కోరుట్ల
27 జూలై 2024

అక్కా,

చదివాను. రూత్‌కు చదివి వినిపించాను. ఆపకుండా చదవలేకపోయాను గాని అంతా వినిపించాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం లేచి, నువ్వు పో, నా సంగతి నేను చూసుకుంటాను అన్నది.

ఒకటో తారీఖు రైలుకు వస్తున్నాను. ములాఖాత్‌కు నా పేరు రాయించు, నీ పేరు కూడా రాయించు. వాడు చెప్పింది నీ ఉత్తరంలో చదవడం వేరు, వాడి ఎదురుగా కూర్చుని వినడం వేరు. అది నేను వినాలి. కానీ నువ్వు రాసిన ఆ గదిలో, ఆ అరుపుల్లో, నా రెండు చెవులూ ఎందుకూ పనికిరావు.

నా పక్కన కూర్చో. నేను వాడి ముఖం చూస్తుంటాను, వాడి మాట నువ్వు చెప్పు. మొత్తం చెప్పు. నేను తట్టుకోలేక నీ చెయ్యి పట్టుకుని చాలు అంటాను, నాకు తెలుసు. అన్నా ఆపకు.

నీ తమ్ముడు
జ్ఞానయ్య